పింజారి తీగ

మా నందిగామ, జగ్గయ్యపేట వైపు మనిషిని తేలిక చేసి మాట్లాడాలంటే పింజారోడు అనే మాట వాడతారు. బజారులో వినపడుద్ది, బస్టాండులో వినపడుద్ది, అప్పుడప్పుడు చదువుకున్నోళ్ల నోట్లో కూడా వినపడుద్ది. అనేవాడు అదొక కులం పేరని తెలిసి అంటాడో, తెలవక అంటాడో గానీ, ఆ మాట వెనక ఒక పని ఉంది. పింజారి అంటే దూదేకేవాడు. దూదేకులవాళ్లన్నా, నూర్‌బాషాలన్నా వాళ్లే. పత్తిని మెత్తగా విప్పి పరుపుకీ, దిండుకీ, నూలు వడకటానికీ పనికొచ్చేట్టు చేసిపెట్టిన మనుషులు. పత్తీ మిర్చీ పండించి బతికే మా మెట్ట ప్రాంతంలో వాళ్ల పేరు తిట్టు ఎట్టా అయింది?

వాళ్లు ఆ పని దేంతో చేసేవాళ్లో ఒకసారి చూడండి. దాదాపు మనిషంత పొడవు కొయ్య. దానికి ఈ చివర నుంచి ఆ చివరకి బిగించిన నరం. జంతువు పేగుని పేని చేసిన తీగ అది. దూది కుప్ప మీద ఆ తీగని ఆనించి, చేతిలో కొయ్యతో కొడతారు. తీగ అదిరితే చిక్కుపడ్డ దూది విడిపోద్ది. కొట్టినప్పుడల్లా ఒక లోతైన మోత. బేసు గిటారు లావు తీగని వేలితో లాగి వదిలితే వచ్చే మోతకి దగ్గరగా ఉంటది. స్పెయిన్ గిటారుకి కూడా 1940ల దాకా వాడింది పేగు తీగలే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పేగు తీగ కరువై, దాని బదులు నైలాను తీగ వచ్చింది. అంటే యూరప్ కచేరీ హాల్లో మోగిందీ, మా ఊరి అరుగు మీద దూదేకిందీ ఒకే జాతి తీగ. అక్కడ దాన్ని సంగీతం అన్నారు. ఇక్కడ తిట్టు చేశారు.

ఈ సంగతి నేనెందుకు పట్టుకున్నానంటే, గిటార్లంటే నాకు పిచ్చి. ఇంట్లో రెండు గిటార్లు, ఒక బేసు, వాటి పక్కనే ఒక బుర్రకథ తంబుర ఉన్నాయి. ఏవీ కొత్తవి కావు. ఒకరు అమ్ముకున్నవి, ఒకరు వద్దనుకున్నవి. కచేరీ చేసే విద్య నాకు లేదు. మీటింగుల్లో పాటకి ఆసరాగా వాయిస్తా, రాత్రి పనయ్యాక కాసేపు మీటుకుంటా, అంతే. కుర్రాళ్లు ఇంటికొస్తే గిటారు మీదకి చెయ్యి పోద్ది, బేసు మీదకి పోద్ది. తంబుర దగ్గర మాత్రం ఆగి ఇదేందన్నా అని అడుగుతారు. అప్పుడు నేను చెప్పాల్సింది షేక్ నాజర్ గారి కథ.

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. నందిగామ నుంచి దక్షిణంగా పోయి కృష్ణ దాటితే అమరావతి, ఇంకా పోతే తాడికొండ, ఆ వైపే పొన్నెకల్లు. ఏటికి అవతలి గట్టు ఊరు, మాకు పరాయిదేం కాదు. తండ్రి మస్తాన్. దూదేకుల ఇల్లు, పేద ఇల్లు. దూదేకులవాళ్ల సంగతి తెలిసిందే గదా. మతం ఇస్లాం, ఇంట్లో మాట తెలుగు. హిందువులకి వాళ్లు సాయిబులు, కొందరు సాయిబులకేమో వాళ్లు తక్కువవాళ్లు. ఇవాళ సర్కారు జాబితాలో బీసీ-బీ. రెండు వైపులా గడప బయట నిలబెట్టిన కులంలో పుట్టిన పిల్లోడికి గొంతు మాత్రం బాగా ఉంది.

చిన్నప్పుడే హార్మోనియం దగ్గర కూర్చుని పాట నేర్చుకున్నాడు. నాటకాల్లో చేరి ఆడవేషాలు వేశాడు. ఆ రోజుల్లో రుక్మిణి అయినా చంద్రమతి అయినా ఎక్కువగా మగపిల్లలే వేసేవాళ్లు. మీసం రాకముందు గొంతుకి ఉండే గిరాకీ ఎన్నాళ్లుంటది? నాజర్ అక్కడితో ఆగలేదు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర కర్ణాటక సంగీతం నేర్చుకున్నాడు. దూదేకుల పిల్లోడు శాస్త్రీయ సంగీతం నేర్వటం ఆ కాలంలో చిన్న విషయం కాదు. పొట్ట కోసం వేరే పనులు చేసుకుంటా, మిగిలిన టైములో పాట. గిటారు పట్టిన మా కుర్రాళ్లకి ఈ లెక్క బాగా అర్థమవుద్ది. వాళ్లదీ అదే బతుకు.

తర్వాత ఆయన చేతికి తంబుర వచ్చింది. దాని గురించి కొంచెం ఆగి చెప్పాలి.

బుర్రకథని పూర్వం జంగం కథ అన్నారు, తంబుర కథ అన్నారు, శారద కథ అన్నారు. ఊరూరా తిరిగి కథ చెప్పి గింజలడుక్కునే జంగాల విద్య. కథకుడి భుజాన తంబుర, కుడి చేతి బొటనవేలికి లోపల గుళ్లున్న అందె. రెండో చేతిలో ఇంకో అందె, రెండూ తాకించి తాళం. అటూ ఇటూ వంతలు, వాళ్ల దగ్గర గుమ్మెటలు. ఒక వంత హాస్యం చెప్తాడు, ఇంకో వంత లోకం సంగతులు చెప్తాడు. వీణ సరస్వతి చేతిలో ఉంది కాబట్టి పెద్దింటి వాద్యం. తంబుర అడుక్కునేవాడి భుజం మీద ఉంది కాబట్టి చిన్న వాద్యం. దూదేకే విల్లయితే అసలు వాద్యాల లెక్కలోకే రాదు. చూశారా, కొయ్యకీ తీగకీ కూడా కులం అంటగట్టాం.

1940లలో ఈ జంగం తంబురని కమ్యూనిస్టులు భుజానికెత్తుకున్నారు. 1943లో బెంగాల్ కరువు. 20 నుంచి 30 లక్షల మంది పోయారని లెక్కలు చెప్తున్నాయి. పేపరు చదవటం రాని జనానికి ఆ సంగతి ఎట్టా చెప్పాలి? తెలుగునాట ప్రజానాట్యమండలి పుట్టింది ఆ రోజుల్లోనే. సుంకర సత్యనారాయణ కష్టజీవి బుర్రకథ రాశాడు. దళాలు కట్టి ఊరూరా తిరిగారు. అడుక్కునేవాడి వాద్యం అని పక్కనబెట్టిన తంబుర, రైతు సభలో వేదికెక్కింది. నాజర్ ఆ దళాల్లోకి వచ్చాడు. నాటకం నేర్పిన నటన, గురువు నేర్పిన రాగం, పేదతనం నేర్పిన మాట, మూడూ ఒక్కచోట చేరాయి.

అంతకుముందు కథకుడు కథ చెప్పేవాడు. నాజర్ కథలోకి దిగి ఆడాడు. పలనాటి యుద్ధం చెప్తే బాలచంద్రుడూ ఆయనే, తల్లీ ఆయనే. బొబ్బిలి యుద్ధం చెప్తే పాపారాయుడూ ఆయనే, ఫ్రెంచివాడు బుస్సీ కూడా ఆయనే. ఆడవేషాలేసిన గొంతు ఆడమనిషి ఏడుపుకి పనికొచ్చింది, రాగం తెలిసిన గొంతు వీరానికి పనికొచ్చింది. అల్లూరి సీతారామరాజు కథ చెప్పాడు, బెంగాల్ కరువు చెప్పాడు, క్రీస్తు కథ కూడా చెప్పాడు. ఇస్లాం మతంలో పుట్టిన దూదేకుల మనిషి, శైవ జంగాల వాద్యం భుజానేసుకుని, క్రీస్తు కథ చెప్పాడంటే ఇవాళ మతం పేరుతో కొట్టుకునేవాళ్లు ఏమంటారో నాకు తెలవదు. అప్పటి జనం మాత్రం కూర్చుని విన్నారు.

ఇట్టా విన్నందుకే సర్కార్లకి భయమేసింది. మద్రాసు రాష్ట్రంలో బుర్రకథని నిషేధించారు, నిజాం రాజ్యంలోనూ నిషేధించారు. మా జగ్గయ్యపేట ఆ రెండు రాజ్యాల సరిహద్దు ఊరు. అవతల కోదాడ వైపు నిజాం, ఇవతల మద్రాసు. సరిహద్దుకి ఏ వైపు నిలబడ్డా తంబుర నేరమే. నాలుగు తీగల మీద ఇంత భయం ఎందుకు? తీగ మోగితే జనం ఒకచోట చేరతారు కాబట్టి.

తర్వాత రోజులు మారాయి. గరికపాటి రాజారావు 1953లో తీసిన పుట్టిల్లులో నాజర్ బుర్రకథ ఉంది. 1954లో వచ్చిన అగ్గిరాముడులో ఆయన చెప్పిన అల్లూరి కథ తెలుగు దేశమంతా మోగింది. దళాన్ని చూడనివాళ్లు కూడా ఆ సినిమాలో ఆయన్ని చూశారు. నాటకాలు రాశాడు, శిష్యుల్ని తయారు చేశాడు. 1986లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చింది. పేరొచ్చింది గానీ ఆస్తి రాలేదు. 1997 ఫిబ్రవరిలో పోయాడు.

ఆయన తన జీవితం చెప్పుకుంటే అంగడాల వెంకట రమణమూర్తి దాన్ని పుస్తకం చేశాడు. ఆ పుస్తకం పేరు పింజారి. ఇక్కడ నేను ఎప్పుడూ ఆగిపోతా. పద్మశ్రీ పేరు పెట్టుకోవచ్చు, బుర్రకథ పితామహుడు అని పెట్టుకోవచ్చు. జనం తిట్టుగా వాడే మాటనే అట్ట మీద అచ్చేయించారు. ఆ పేరు చూశాక కూడా ఆ మాటని తిట్టుగా వాడేవాడికి సిగ్గుండాలి.

ఇప్పుడు మా ఊళ్ల సంగతికొద్దాం. నందిగామ, జగ్గయ్యపేటల్లో నేను చూసిన గిటారు కుర్రాళ్లలో ఎక్కువమంది చర్చిల్లో నేర్చుకున్నవాళ్లే. దళితవాడల పిల్లలు. వారమంతా సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనో, మిర్చి కోతో, ఆటో తోలటమో, సెల్ షాపో. ఆదివారం పొద్దున ఒకడు గిటారు, ఒకడు బేసు, ఒకడు ప్యాడ్. నోట్స్ చదవటం రాదు, చెవితోనే పట్టుకుంటారు. ఎంత బాగా వాయిస్తారో! కానీ ఊళ్లో పెద్దమనుషులు వాళ్లని చూసి అనే మాట ఒకటే. ఈ తీగలు గోకితే కూడొస్తదా అని. డబ్బున్నోళ్ల పిల్లోడు అదే గిటారు పట్టుకుంటే హాబీ అంటారు. కూలోడి కొడుకు పట్టుకుంటే పనికిమాలిన పని అంటారు.

ఈ పిల్లలకి చిలీ దేశపు విక్టర్ జారా తెలుసు. గిటారుతో పేదల పాట పాడాడనీ, 1973 సెప్టెంబరులో సైన్యం ఆయన చేతులు చితక్కొట్టి కాల్చి చంపిందనీ సెల్లులో చూసి తెలుసుకున్నారు. మంచిదే, తెలుసుకోవాల్సిందే. కానీ ఏటికి అవతల ఊళ్లో పుట్టి, తంబురతో అదే పని చేసిన నాజర్ తెలవడు. తప్పు పిల్లలది కాదు. మనం చెప్పలేదు.

బేసు వాయించే కుర్రాళ్లకి నేను తంబుర ఇచ్చి ఒక పని చెప్తుంటా. బేసుకి నాలుగు తీగలు, మామూలు గిటారులో పైనున్న నాలుగు లావు తీగల శృతే, ఒక స్థాయి కిందికి దించి ఉంటది. పాటలో అది పైకి కనపడదు. తీసేస్తే మాత్రం పాట కాళ్లు విరిగినట్టుంటది. తంబురకి మెట్లు లేవు. రాగం దాని మీద వాయించరు. తీగని అట్టాగే మీటుతా ఉంటే ఒకే శృతి నిలబడుద్ది, గొంతు దాని మీద నడుస్తది. బేసు తీగ తంబుర శృతికి కలిపి రెండూ ఒకేసారి మోగిస్తే గది నేల కూడా అదురుద్ది. ఇదేందన్నా ఇది మన సంగీతమే గదా అన్నట్టు చూస్తారు వాళ్లు. నాకున్న పాత వాద్యాలన్నిట్లో నాకు సంతోషమిచ్చేది ఆ ఒక్క మోతే.

వాద్యాలు పోగేసేవాళ్లతో నాకు పేచీ లేదు. నేనూ అదే బాపతు. కొయ్య రంగు చూసి, మెడ నున్నదనం చూసి మురిసిపోయేవాణ్ణే. కానీ నాజర్ బతుకు తెలిశాక ఒకటి అర్థమైంది. వాద్యం విలువ ధరలో లేదు, దాన్ని పట్టుకున్న చేతికి ఎంతమంది వినేవాళ్లున్నారు అనే దాంట్లో ఉంది. గోడకి వేలాడే యాభై వేల గిటారు కంటే, చర్చిలో నాలుగు వేల గిటారు ఎక్కువ పని చేస్తంది.

అందుకని మా రెండు ఊళ్లవాళ్లకి నాలుగు మాటలు. మీ పిల్లలు పట్నం పోయాక ఇంట్లో మిగిలిపోయిన గిటారు ఉందా? బిరడలు బిగుసుకుపోకముందే, తీగలు తుప్పు పట్టకముందే ఎవరన్నా నేర్చుకునే పిల్లకో పిల్లోడికో ఇచ్చెయ్యండి. ఆడపిల్లలకి కూడా ఇవ్వండి. బేసు పట్టిన ఆడపిల్లని మా వైపు నేను ఇంతవరకూ చూళ్లేదు, చూడాలనుంది. ఊళ్లో పాత బుర్రకథ దళాల్లో చేసిన పెద్దవాళ్లు ఎవరన్నా మిగిలుంటే, వాళ్ల దగ్గరకి పోయి ఒక్క కథన్నా నేర్చుకోండి, సెల్లులో రికార్డు చేసి పెట్టుకోండి. ఇంట్లో, బజారులో, స్కూల్లో పింజారి అనే మాట తిట్టుగా వినపడితే అక్కడికక్కడే ఆపి, ఆ మాటకి అర్థం చెప్పండి.

వచ్చే ఫిబ్రవరి 5న నాజర్ పుట్టినరోజు. నందిగామలో ఒక సాయంత్రం కూర్చుందాం. గిటారు ఉన్నోళ్లు గిటారు తెండి, బేసు ఉన్నోళ్లు బేసు తెండి. తంబుర నేను తెస్తా. గుమ్మెట కొట్టేవాళ్లు కావాలి, దూదేకే విల్లు ఎవరి అటక మీదన్నా ఇంకా ఉంటే అది కూడా కావాలి. దాన్ని కూడా వాద్యాల వరసలోనే పెడదాం.