ఇసుక దిబ్బల నుంచి ఇందుబింబం దాకా
తుంబా, శ్రీహరికోట తీరాల తలరాత మార్చిన విక్రం సారాభాయ్

సూళ్లూరుపేట: ఒకవైపు పులికాట్ సరస్సు, మరోవైపు బంగాళాఖాతం. నడుమ సన్నని పట్టీలాంటి దీవి శ్రీహరికోట. ఒకప్పుడు ఇక్కడి అడవిలోని వంటచెరకు బకింగ్‌హాం కాలువ మీదుగా పడవల్లో మద్రాసుకు చేరేది. తేనె, దుంపలు, చేపలు ఆధారంగా యానాదులు బతుకు సాగించేవారు. అలాంటి దీవి పేరు నేడు ప్రపంచమంతటా మార్మోగుతోందంటే, దాని వెనుక గుజరాత్‌లోని ఒక సంపన్న మిల్లు యజమాని ఇంట పుట్టిన శాస్త్రవేత్త దూరదృష్టి ఉంది. ఆయనే భారత అంతరిక్ష పరిశోధనకు పితామహుడిగా పేరొందిన డాక్టర్ విక్రం అంబాలాల్ సారాభాయ్.

సిరిసంపదల నడుమ...

1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో అంబాలాల్, సరళాదేవి దంపతులకు ఆయన జన్మించారు. ఉన్నత విద్యకు కేంబ్రిడ్జి వెళ్లి 1940లో పట్టం పొందారు. రెండో ప్రపంచ యుద్ధం ముదరడంతో స్వదేశానికి చేరుకుని, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో సర్ సి.వి.రామన్ వద్ద విశ్వకిరణాలపై పరిశోధన సాగించారు. 1942లో ప్రఖ్యాత నర్తకి మృణాళినీ స్వామినాథన్‌ను వివాహమాడారు. 1947లో కేంబ్రిడ్జి నుంచి డాక్టరేట్ అందుకున్నారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన మూడు నెలలకే, ఆ ఏడాది నవంబర్ 11న, అహ్మదాబాద్‌లో భౌతిక పరిశోధనాలయానికి అంకురార్పణ చేశారు. అప్పటికి ఆయన వయసు 28 ఏళ్లు మాత్రమే. వస్త్ర పరిశ్రమ పరిశోధన సంస్థ, 1961లో ఏర్పడిన అహ్మదాబాద్ ఐఐఎం వంటివి కూడా ఆయన చొరవతో రూపుదిద్దుకున్నవే.

చర్చి ప్రాంగణంలో రాకెట్లు

1962లో అంతరిక్ష పరిశోధన జాతీయ సంఘానికి ఆయన సారథి అయ్యారు. రాకెట్లు ప్రయోగించేందుకు అనువైన చోటు కోసం అన్వేషణ మొదలైంది. భూ అయస్కాంత మధ్యరేఖ దక్షిణ కేరళ మీదుగా సాగుతుంది. ఆ రేఖకు సరిగ్గా పైన, సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున, వాతావరణంలో బలమైన విద్యుత్ ప్రవాహం ఉంటుంది. బెలూన్లు అంత ఎత్తుకు చేరలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగలేవు. రాకెట్ ఒక్కటే దానిని తాకి రాగలదు. అందుకే తిరువనంతపురం శివారులోని తుంబా అనే మత్స్యకార గ్రామం ఆయన దృష్టిని ఆకర్షించింది.

రైలు పట్టాలకు, సముద్రానికి మధ్య కొబ్బరి తోటలు, ఇసుక దిబ్బలు, చేపల వలలు, వాటి మధ్య మేరీ మాగ్దలీన్ చర్చి. అదీ నాటి తుంబా. జాలరి కుటుంబాలను కదిలించడం, ప్రార్థనా మందిరాన్ని అడగడం సామాన్యమైన విషయం కాదు. సారాభాయ్ బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాను స్వయంగా కలిసి తన ఉద్దేశం విన్నవించారు. బిషప్ ఆదివారం ప్రార్థనకు వచ్చిన విశ్వాసుల ముందే ఈ సంగతి ఉంచగా, వారు సమ్మతించారని అబ్దుల్ కలాం పలు సందర్భాల్లో గుర్తు చేసుకున్నారు. గ్రామస్థులకు మరోచోట ఇళ్లు, కొత్త చర్చి ఏర్పాటయ్యాయి. పాత చర్చి, బిషప్ నివాసం రాకెట్ కేంద్రం పనులకు నెలవులయ్యాయి.

వసతులు అంతంతమాత్రమే. రాకెట్ భాగాలను సైకిళ్ల మీద మోసుకెళ్లిన రోజులవి. 1963 నవంబర్ 21 సాయంసంధ్య వేళ అమెరికా నుంచి తెచ్చిన నైకీ-అపాచీ రాకెట్ తుంబా నుంచి నింగికెగసింది. అది వెదజల్లిన సోడియం ఆవిరి ఆకాశంలో రంగుల మేఘమై మెరిసింది. నాలుగేళ్ల తరువాత, 1967 నవంబర్ 20న, దేశీయంగా తయారైన రోహిణి-75 అక్కడి నుంచే ఎగిరింది. 1968 ఫిబ్రవరి 2న ప్రధాని ఇందిరాగాంధీ తుంబా కేంద్రాన్ని ఐక్యరాజ్యసమితికి అంకితం చేశారు.

తూర్పు తీరానికి పయనం

ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలపాలంటే రాకెట్‌ను తూర్పు దిశగా పంపడం లాభదాయకం. పడమటి నుంచి తూర్పుకు తిరిగే భూమి తన వేగాన్ని కొంత దానికి అరువిస్తుంది. తుంబా పడమటి తీరాన ఉంది. అక్కడి నుంచి తూర్పుకు వదిలితే విడిపోయిన భాగాలు ఊళ్ల మీద పడే ప్రమాదం ఉంది. కనుక ఎదురుగా విశాల సముద్రం ఉండి, భూమధ్యరేఖకు వీలైనంత చేరువలో, జనావాసాలు పలుచగా ఉన్న తూర్పు తీర ప్రాంతం కావలసి వచ్చింది. సహచరుడు ఏక్‌నాథ్ చిట్నిస్ స్థలాన్వేషణలో కీలకపాత్ర వహించారు. అలా 1969లో నాటి నెల్లూరు జిల్లాలోని, నేటి తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట ఎంపికైంది. అదే ఏడాది ఆగస్టు 15న ఇస్రో ఆవిర్భవించింది.

దీవిలో తరతరాలుగా నివసించిన యానాదులు, ఇతర గ్రామాల వారు ఆ నేలను వీడవలసి వచ్చింది. అడవినే ఇల్లుగా ఎరిగినవారికి ఆ మార్పు తేలికైనది కాదు. రాకెట్ల ఘనత చెప్పుకునే ప్రతిసారీ తుంబా జాలరులతో పాటు వీరి త్యాగాన్నీ తలచుకోవడం న్యాయం.

1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో శ్రీహరికోట కేంద్రం పని ప్రారంభించింది. ఆ తరువాత సరిగ్గా 82 రోజులకే సారాభాయ్ కన్నుమూశారు.

కోవళంలో తుదిశ్వాస

1966 జనవరిలో హోమీ భాభా విమాన ప్రమాదంలో మరణించిన అనంతరం అణుశక్తి సంఘం బాధ్యతలు కూడా సారాభాయ్ భుజాలపై పడ్డాయి. అహ్మదాబాద్, బొంబాయి, ఢిల్లీ, తిరువనంతపురం నడుమ ఆయనకు విశ్రాంతి కరవైంది. 1971 డిసెంబర్ చివరి వారంలో తుంబా పనులు పరిశీలించేందుకు వచ్చి, కోవళం తీరంలోని హాల్సియన్ కాజిల్ అతిథి గృహంలో బస చేశారు. డిసెంబర్ 30 ఉదయం ఆయన పడకపైనే విగతజీవులై కనిపించారు. అప్పటికి వయసు 52 ఏళ్లు. ఏ తీరంలో తన స్వప్నానికి పునాది వేశారో ఆ తీరానే ఆయన జీవితం ముగిసింది. 1966లో పద్మభూషణ్‌తో గౌరవించిన ప్రభుత్వం మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. తుంబా కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. చంద్రునిపై ఒక బిలం కూడా ఆయన పేరిట ఉంది.

తీరవాసికి దక్కిన ఫలం

పేద దేశానికి రాకెట్లెందుకని ఆనాడు ప్రశ్నించినవారు లేకపోలేదు. పల్లెకు విద్య, రైతుకు వాతావరణ సమాచారం, మారుమూలకు టెలిఫోను అందాలంటే ఉపగ్రహమే దగ్గరి దారి అని సారాభాయ్ విశ్వసించారు. అమెరికా ఉపగ్రహం సాయంతో 1975-76లో 2,400 గ్రామాలకు టెలివిజన్ పాఠాలు చేర్చిన ప్రయోగానికి ఒప్పందం కుదిర్చింది ఆయనే. ఆ గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి.

1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొంది. 1980వ దశకంలో ఇన్‌శాట్ ఉపగ్రహాలు రావడంతో తుపాను జాడ ముందే తెలియసాగింది. 1990 మేలో పెను తుపాను కృష్ణా, గుంటూరు తీరాన్ని తాకినప్పుడు లక్షలాది మందిని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు చేర్చగలిగారు. మృతుల సంఖ్య దివిసీమ నాటితో పోలిస్తే ఎంతో తగ్గింది. ఇల్లూ వాకిలీ ఇచ్చిన జాలరి వర్గానికి ఆ విజ్ఞానం ప్రాణరక్షణగా తిరిగి వచ్చింది.

1980 జులై 18న ఎస్ఎల్‌వీ-3 శ్రీహరికోట నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. 2023 జులై 14న అదే దీవి నుంచి బయలుదేరిన చంద్రయాన్-3, ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగింది. చందమామ నేలపై కాలుమోపిన ఆ ల్యాండర్ పేరు విక్రమ్.