కష్టమే మూలధనము: మల్లాడి సత్యలింగ నాయకర్

మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతముల విద్యార్థులలో తండ్రి కూలికై దూరదేశము పోయినవారు అనేకులు. వారికొఱకే మేము ఈ జీవితమును పరిచయము చేయదలచినాము.

1839 నవంబరు 25న వచ్చిన పెనుతుఫాను కోరంగి రేవును తుడిచిపెట్టినది. ఓడలు విరిగినవి, వేలాది ప్రాణములు పోయినవి. మరుసటి యేట, 1840లో, ఆ తీరమునందే ఒక నిరుపేద అగ్నికుల క్షత్రియ కుటుంబమున సత్యలింగ నాయకర్ జన్మించిరి. సర్వస్వమును హరించిన సముద్రమే వారికి బ్రతుకుతెరువు చూపినది.

1852లో దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనది. 1869లో సూయజ్ కాలువ తెరచిన పిదప బియ్యపు ఎగుమతులు హెచ్చి, రంగూనుకు కూలీలు కావలసివచ్చిరి. కాకినాడ నుండియే గాక విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండియు మన పూర్వులు ఓడలెక్కిరి. మేస్త్రీ ఇచ్చిన బయానా తీరువఱకు కూలీకి స్వేచ్ఛ లేదు. కోరంగి రేవు పేరనే తెలుగు కూలీలను అక్కడ కోరంగీలనెడివారు. ఆ పిలుపులో చులకన ధ్వనించెడిది.

నాయకర్ గారును కూలీగానే రంగూను చేరిరి. రేవు పనిలో మెలకువలు గ్రహించి, క్రమముగా కాంట్రాక్టరై, గొప్ప ఆస్తిపరులైరి. అయితే కష్టము ఒక్కటియే మనిషిని పైకెత్తునా? అట్లయిన ఆ ఓడలలో పోయిన వేలాది మందియు ధనవంతులు కావలెను గదా! కష్టము చాలమందిని క్రుంగదీయును. పనిని పరిశీలించువానికి మాత్రమే అది పాఠము చెప్పును.

1915లో నాయకర్ గారు కీర్తిశేషులైరి. కాని తమ ఆస్తిని వారు ధర్మమునకు వ్రాసియుండిరి. ఆ భూములు, భవనముల ఆదాయము కాకినాడ జగన్నాథపురమున పేద పిల్లల చదువునకు ఆధారమైనది. తమకు బాల్యమున అందని చదువును పరుల బిడ్డలకు అందించిరి. కాకినాడలోని విశ్వవిద్యాలయ ప్రాంగణము నేటికిని వారి పేరును ధరించియున్నది.

1942లో రంగూను జపాను వశమైనప్పుడు, అక్కడ స్థిరాస్తులు గడించిన భారతీయులెందరో కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. శాశ్వతమనుకొన్న ఆస్తి ఒక్క ఏటిలో పోయినది. బడిగా మారిన ఆస్తి నిలచినది.

విద్యార్థులారా! నేడు మన ఊళ్ళ పొలిమేరలలో పొలములు ఇండ్ల స్థలములగుచున్నవి. రేపు మీలో కొందరు ఆ వ్యాపారమున రాణింపవచ్చును. తప్పు లేదు. నేలను కొనుట నేర్పు. ఆ నేలపై ఎవరి బిడ్డకు నీడ దొరకునో ఆలోచించుట గొప్పతనము.