మంచుకొండల వైద్యుడు స్వెయిన్ పాల్సన్

అగ్నికిని మంచునకును పొత్తు కుదరదని మనమందుము. ఐస్లాండు ద్వీపమున ఆ రెండును ఒకే కొండలో కాపురముండును. అచటి పెద్ద అగ్నిపర్వతములు కొన్ని వందల మీటర్ల మందముగల మంచు క్రింద అణగియున్నవి. అవి రేగినప్పుడు వేయి డిగ్రీలకు మించిన వేడిగల శిలాద్రవము మంచును అడుగునుండి కరగించును. మంచు నీటికన్న తేలికయైనది. కావున చేరిన నీరు తుదకు ఆ బరువును పైకెత్తి, దాని క్రిందనే దారి చేసికొని, ఇండ్లంతేసి మంచుగడ్డలతో, బూడిదతో, బండలతో మైదానముపై విరుచుకుపడును. ఒక్కొక్కప్పుడు ఇది కొలది గంటలలోనే జరుగును. 1996లో వాట్నయోకుల్ మంచు క్రింద అగ్ని పుట్టినప్పుడు మాత్రము నీరు నెలకు పైగా గ్రీమ్స్‌వోట్న్ సరస్సులో నిలిచి, నవంబరు 5న తెగి, వంతెనలను కొట్టుకొనిపోయెను. ఇట్టి వరదను ఐస్లాండువారు యోకుల్‌హ్లాప్ అందురు. హిమానీనదపు పరుగని దాని భావము. నేడు లోకమందలి శాస్త్రజ్ఞులందరు వాడు మాటయు అదియే.

ఈ వరదల చరిత్రను వెదకి వ్రాసిన తొలితరము పండితులలో స్వెయిన్ పాల్సన్ అగ్రగణ్యుడు. అతడు 1762లో ఉత్తర ఐస్లాండున జన్మించెను. హోలార్ పాఠశాలలో చదివి, 1787లో కోపెన్‌హేగెన్ చేరి వైద్యమును, ప్రకృతిశాస్త్రమును అభ్యసించెను. ఐస్లాండు నాడు డెన్మార్కు ఏలుబడిలో నుండెను. 1791లో అచటి ప్రకృతిశాస్త్ర సంఘము ద్రవ్యసహాయము చేసి, దేశమును పరిశీలించి రమ్మని అతనిని స్వదేశమునకు పంపెను. 1783నాటి లాకీ విస్ఫోటమును, దాని వెంటవచ్చిన కరవును జనములో అయిదవవంతును పొట్టనబెట్టుకొని అప్పటికి ఎనిమిదేండ్లే అయినది.

1794 ఆగస్టు 11న అతడు ఓరైవాయోకుల్ పర్వతము నెక్కెను. అది సామాన్యమైన కొండ కాదు. 1362లో అది ప్రేలినప్పుడు దాని పాదమునగల పచ్చని సీమ యంతయు నాశనమై, అటుపిమ్మట బీడు అను అర్థముగల ఓరైవి అను పేరే ఆ సీమకు నిలిచిపోయెను. 1727లో మరల ప్రేలగా వెడలిన వరదలో మువ్వురు మరణించిరి. ఆ కొండ పైభాగమునుండి దిగువకు చూచిన స్వెయిన్‌కు లోయలోనికి దిగుచున్న మంచుపై వంపులు తిరిగిన చారలు కనబడెను. చిక్కని తారు వాలున మెల్లగా జారునప్పుడు ఏర్పడు వంపులవంటివి అవి. మంచు కదలని బండ కాదు, తన బరువుచే తానే ప్రవహించు పదార్థమని అతడు గ్రహించెను.

మరుసటి సంవత్సరము ఐస్లాండు మంచుకొండల భౌతిక, భౌగోళిక, చారిత్రక వర్ణనమును డేనిష్ భాషలో రచించి సంఘమునకు పంపెను. సంఘము దానిని అచ్చువేయలేదు. సహాయమును నిలిచిపోయెను. పొరుగున ఫ్రాన్సులోనో ఇంగ్లండులోనో పుట్టియున్నచో ఈ రచనకు ఇట్టి గతి పట్టియుండునా అన్నది ఆలోచింపదగినది. అది తొలిసారి అచ్చుముఖము చూచుట 1880లలో, నార్వేలో. స్వభాషలో వెలువడినది 1945లో.

ఇక బ్రతుకుతెరువు వైద్యమే. ఐస్లాండు తొలి ప్రభుత్వ వైద్యుడు బ్యార్ని పాల్సన్ కుమార్తె థోరున్ అతని భార్య. 1799లో దక్షిణ ఐస్లాండునకు వైద్యుడుగా నియుక్తుడయ్యెను. జీతము స్వల్పము, సంసారము పెద్దది. కావున సేద్యము చేసెను, చేపలవేటకును పోయెను. అతని ఏలిక క్రిందనున్న సీమలో మంచునుండి పుట్టిన యేరులే ఎక్కువ, వాటికి వంతెనలు లేవు. ఒకనాడు ప్రసవవేదన పడుచున్న స్త్రీకై, పొంగి పొరలుచున్న యోకుల్సా నదిని కోపుర్ అను గుఱ్ఱముపై అతడు దాటెనని జనులు చెప్పుకొందురు. తరువాతి కాలమున గ్రీమూర్ థామ్సెన్ అను కవి ఆ వృత్తాంతమును పద్యముగా రచించెను. నేటికిని ఐస్లాండువారిలో పెక్కండ్రు స్వెయిన్‌ను ఎరుగుట శాస్త్రము వలన కంటె ఆ గుఱ్ఱము వలననే!

అతని తుది దశాబ్దములు వీక్ గ్రామమున గడచెను. దాని వెనుకనున్న మంచు క్రింద కాట్లా అగ్నిపర్వతము కలదు. 1821 చివర ఎయ్యఫ్యాట్లయోకుల్ రగిలెను; 1823 జూనులో కాట్లాయే ప్రేలి, నల్లని ఇసుకమైదానముపైకి వరదను విడిచెను. యౌవనమున గ్రంథములలోను, వృద్ధుల నోటను తెలిసికొన్న దానిని అరువదియొకటవ యేట స్వెయిన్ తన వాకిటనే చూచెను. సంఘము మరచినను అతడు దినచర్యను మానలేదు. గాలి, వాన, మంచు, మరణములు, ప్రయాణములు అందులో నమోదగుచునే యుండెను.

1840లో అతడు మరణించెను. రెండేండ్లు గడచిన పిమ్మట స్కాట్లండు పండితుడు జేమ్స్ ఫోర్బ్స్ ఆల్ప్స్ పర్వతములపై మంచు నడకను కొలిచి, అది జిగట పదార్థమువలె ప్రవహించునని ప్రకటించి కీర్తి గడించెను. స్వెయిన్ వ్రాతప్రతి అప్పటికిని కోపెన్‌హేగెన్‌లో అచ్చుకాకయే పడియుండెను.