ఏ అధికారంతో స్వస్థపరచింది? – డాక్టర్ అన్నా కుగ్లర్ జీవితం

ప్రభువైన యేసు దేవాలయంలో బోధిస్తుండగా ప్రధాన యాజకులు, పెద్దలు ఆయన దగ్గరకు వచ్చి, ఈ పనులు ఏ అధికారంతో చేస్తున్నాడో చెప్పమని అడిగారు (మత్తయి 21). ముందురోజే ఆ దేవాలయంలో గుడ్డివారు, కుంటివారు ఆయన దగ్గరకు వచ్చి బాగుపడ్డారు. నడవలేనివాడు నడిచాడన్న సంతోషం ఆ పెద్దలకు లేదు. అనుమతి ఎవరిచ్చారన్నదే వారికి కావలసింది.

అధికారం, స్వస్థత అనే ఈ రెండు మాటలు మన కోనసీమ సంఘాల్లో నేటికీ కలిసే వినబడుతున్నాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లో స్వస్థత కూటములు జరుగుతున్నాయి. అక్కడ ప్రార్థనలో మేలు పొందినవారి సాక్ష్యాలు విని దేవుని స్తుతిస్తున్నాం. అయితే కూటం నుంచి ఇంటికి వెళ్ళి షుగరు మాత్రలు, బీపీ మాత్రలు మానేసినవారి సంగతి విన్నప్పుడు మన మనసు కలవరపడుతోంది. మాత్ర వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా? బాగుపడకపోతే ఆ తప్పు రోగిదేనా? ఈ ప్రశ్నల ముందు ఈ వారం ఒక భక్తురాలి జీవితాన్ని తలచుకుందాం. ఆమె 1883లో గుంటూరుకు వచ్చి, 1930లో అక్కడే కన్నుమూసిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్.

అన్నా 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊరిలో పుట్టారు. స్త్రీలు డాక్టరు చదువు చదవడమే వింతగా చూసే రోజుల్లో ఆమె 1879లో పెన్సిల్వేనియా స్త్రీల వైద్య కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్నారు. ఆ తరువాత నోరిస్‌టౌన్‌లో మానసిక రోగుల ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో పనిచేశారు. అక్కడ ఉండగా, తెలుగుదేశంలో సేవ చేస్తున్న ఆడం రో అనే మిషనరీ నుంచి ఆమెకు ఉత్తరం వచ్చింది. ఇక్కడి స్త్రీలకు వైద్యం చేసేవారు లేరన్నది దాని సారాంశం. ఘోషాలో ఉండే స్త్రీని పరాయి మగవాడు తాకి చూడడానికి ఇంటివారు ఒప్పుకోరు. ఎన్నో కాన్పులు మరణంతో ముగిసేవి.

అన్నా వెళ్ళడానికి సిద్ధపడి, తన లూథరన్ సంఘపు స్త్రీల మిషనరీ సమాజానికి దరఖాస్తు పెట్టుకున్నారు. వైద్య పరిచర్య మొదలుపెట్టడానికి ఆ సమాజం అప్పటికి సిద్ధంగా లేదు. వస్తే జెనానా ఉపాధ్యాయినిగా, అంటే ఇళ్ళలో ఉండే స్త్రీలకు చదువు, వాక్యం నేర్పే పనికి రమ్మంది. డాక్టరు పట్టా చేతిలో ఉండి కూడా ఆమె ఆ పనికి ఒప్పుకున్నారు. 1883 నవంబరు 29న గుంటూరు చేరారు.

చెప్పిన పని చేశారు. అయితే రోగి ఎదురైనప్పుడు వెనుదిరగలేదు. పాఠం చెప్పడానికి వెళ్ళిన ఇళ్ళలోనే జ్వరంతో ఉన్న తల్లిని, పురిటి నొప్పులు పడుతున్న కోడలిని చూశారు. డాక్టరమ్మ ఉందన్న కబురు పాకి, జనం ఆమె ఉన్న చోటికే రాసాగారు. మొదటి ఏడాదిలోనే 400కు పైగా రోగులను చూశారు. విదేశీయురాలు ముట్టుకుంటే మైల అని భావించేవారు అప్పట్లో ఉన్నారు. అవమానం అనుకుని ఆమె వైద్యం ఆపలేదు.

రెండేళ్ళు గడిచాయి. జరుగుతున్న పనిని చూసి 1885 చివర్లో సమాజం ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. మరుసటి ఏడాదే గుంటూరులో డిస్పెన్సరీ తెరిచారు. ఆ తరువాత ఆమె స్వదేశం వెళ్ళి, ఆసుపత్రి కోసం సంఘాల నుంచి విరాళాలు కూడగట్టారు. 1898 జూన్ 23న 50 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. అక్కడ మందుతో పాటు వాక్యం కూడా అందింది. బైబిలు స్త్రీలు రోగుల పక్కన కూర్చుని సువార్త చెప్పేవారు. ఏలూరు జమీందారు భుజంగరావు గారు తమ ఇంటికి జరిగిన మేలుకు కృతజ్ఞతగా రోగుల బంధువులు బస చేయడానికి సత్రం కట్టించారు. ప్రభుత్వం ఆమెకు 1905లో కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చి గౌరవించింది.

ప్రియులారా, ఈ క్రమాన్ని గమనించండి. బిరుదు మొదట రాలేదు, సేవ మొదట వచ్చింది. కపెర్నహూములో శతాధిపతి తానే ఒకరి అధికారానికి లోబడినవాడు గనుక ప్రభువు అధికారాన్ని గుర్తుపట్టాడు. అన్నా కుగ్లర్ కూడా అలాగే లోబడ్డారు. పంపినవారిని ఎదిరించలేదు, తన ముందున్న రోగినీ విడిచిపెట్టలేదు. స్వస్థపరచే అధికారం ఆమె సొంతం కాదు, మన కాపరుల సొంతమూ కాదు. అది ప్రభువుది. పక్షవాయువు గలవాడిని లేపింది తన పేరు చాటుకోవడానికి కాదు, పాపాలు క్షమించే అధికారం తనకుందని తెలియజేయడానికే (మార్కు 2). రక్తస్రావంతో పన్నెండేళ్ళు బాధపడిన స్త్రీ మెల్లగా వచ్చి ఆయన వస్త్రాన్ని తాకినప్పుడు ఆయన ఆమెను మైలపడినదని తోసివేయలేదు, కుమారీ అని పిలిచాడు. ఘోషాలోని స్త్రీల పడకల దగ్గరకు వెళ్ళిన అన్నా నడిచింది ఆ అడుగుజాడల్లోనే.

వైద్యాన్ని అద్భుతమని మనం అనడం లేదు. ప్రభువు ఒక్క మాటతో చేసినది ఏ ఆసుపత్రీ చేయలేదు. నేటికీ ఆయన చేయి కురచ కాలేదని నమ్ముతున్నాం. అయితే ప్రభువే బాగుచేసిన కుష్ఠరోగిని ఏమన్నాడు? యాజకునికి కనబరచుకోమని పంపాడు. పరీక్షకు నిలవని స్వస్థత ఆయన ఇవ్వలేదు. కాబట్టి ప్రార్థనలో మేలు కలిగిందని నమ్మినవారు డాక్టరు దగ్గరకు వెళ్ళి పరీక్ష చేయించుకోవడం అవిశ్వాసం కాదు. మందులు తగ్గించాలా, ఆపాలా అన్నది ఆయన చెప్పాకే చేయాలి. కూటంలో నిలబడి మాత్రలు పారేయమని చెప్పే అధికారం సేవకులకు ప్రభువు ఇచ్చినట్టు మనం ఎక్కడా చదవం.

మరొక మాట. ఎందరికో ఉపశమనం ఇచ్చిన అన్నా కుగ్లర్ చివరి ఏళ్ళలో తీవ్రమైన రక్తహీనతతో బాధపడ్డారు. ఎందరో ఆమె కోసం ప్రార్థించి ఉంటారు. అయినా ఆ జబ్బు ఆమెను విడిచిపోలేదు. 1930 జూలై 26న, 74వ ఏట, తాను కట్టించిన ఆసుపత్రిలోనే ప్రభువు సన్నిధికి వెళ్ళారు. ఆమెకు విశ్వాసం చాలలేదని మనలో ఎవరైనా అనగలరా? పౌలు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చాడు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతల కోసం చేయవలసిన జాగ్రత్త చెప్పాడు. వైద్యుడైన లూకాను ప్రియుడని పిలిచాడు. బాగుపడని విశ్వాసి ముందు మనం న్యాయాధిపతులం కాకూడదు.

ఆమె తరువాత ఆ ఆసుపత్రి కుగ్లర్ ఆసుపత్రి అనే పేరుతోనే జనానికి తెలిసింది. ఏ అధికారంతో ఈ పని చేస్తున్నావని ఆమెను ఎవరైనా అడిగి ఉంటే, చూపించడానికి మొదటి రెండేళ్ళు ఆమె చేతిలో నియామక పత్రం లేదు. లేచి నడిచిన రోగులు ఉన్నారు, బతికిన తల్లులు ఉన్నారు.

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక మన సంఘంలో మంచం పట్టినవారి ఇంటికి వెళ్దాం. చేయి పట్టుకుని ప్రార్థన చేద్దాం. మందులు సమయానికి వేసుకుంటున్నారా అని అడుగుదాం. ఆసుపత్రికి వెళ్ళడానికి తోడు లేకపోతే తోడు వెళ్దాం, డబ్బు లేకపోతే సంఘంగా సాయపడదాం. స్వస్థపరచే అధికారం గల ప్రభువు మన చేతులను కూడా వాడుకొనును గాక. ఆమేన్.