ఎడ్వర్డు జెన్నరు: మశూచికమునకు అడ్డు నిలిచిన వైద్యుడు

మశూచికమనగానే మన పూర్వులు వణకెడివారు. అది సోకిన పదిమందిలో ఇంచుమించు ముగ్గురు మరణించెడివారు. బ్రతికినవారిలో కొందరు చూపు కోల్పోయెడివారు. ఆ వ్యాధికి అడ్డు నిలిచిన ఎడ్వర్డు జెన్నరు జీవితమును ఈ నెల మనము తలంచుకొందము.

ఆయన 1749 మే 17న ఇంగ్లండులోని బర్క్లీ అను ఊర జన్మించెను. తండ్రి ఆ ఊరి సంఘ కాపరి. 1754లో తలిదండ్రులిద్దరును మరణించిరి. జెన్నరు లండనులో జాన్ హంటరునొద్ద వైద్యము నేర్చి, స్వగ్రామమునకే తిరిగి వచ్చెను.

ఆవుల పొదుగుపై లేచు పొక్కులు చేతికంటిన పాలకత్తెలకు మశూచికము రాదని పల్లెవారు చెప్పుకొనెడివారు. జెన్నరు ఆ మాటను కొట్టివేయలేదు. 1796 మే 14న సారా నెల్మ్స్ అను పాలకత్తె చేతి పొక్కునుండి రసి తీసి, తోటమాలి కుమారుడైన ఎనిమిదేండ్ల జేమ్స్ ఫిప్స్ చేతిపై గీటి అంటించెను. బాలునికి కొద్దిగా జ్వరము వచ్చి తగ్గెను. జూలై 1న మశూచికపు రసినే ఎక్కించెను. వ్యాధి రాలేదు. అట్లు రసి ఎక్కించుట ఆనాటి వాడుకయే; దానివలన మరణించినవారును కలరు. నేడు పసివానిపై అట్టి పరీక్ష ఎవరును చేయరాదు.

ఇది ఎట్లు జరిగెనో జెన్నరునకు తెలియదు. నేడు మనకు తెలియును. మన రక్తములోని తెల్లకణములలో కొన్ని ఒక్కొక్కటి ఒక్కొక్క శత్రువు ఆనవాలును గుర్తించును. గుర్తించినవి విస్తారముగా పెరుగును. కొన్ని ప్రతిరక్షకములను పుట్టించి వైరసును అడ్డగించును. కొన్ని వైరసు చొరబడిన కణములను చంపును. మొదటిసారి ఇందుకు కొన్ని దినములు పట్టును; ఆలోపల రోగము ముదురవచ్చును. పోరు ముగిసిన పిదప కొన్ని కణములు జ్ఞాపకముతో ఏండ్ల తరబడి నిలిచి, శత్రువు మరల వచ్చినయెడల వెంటనే లేచును. ఆవు పొక్కుల వైరసు మశూచికమునకు దగ్గరి చుట్టము గనుక, దానిని ఎరిగిన కణములు దీనినిగూడ ఎరుగును.

1798లో జెన్నరు తన గ్రంథమును ప్రకటించెను. తోటలోని చిన్న కుటీరమున బీదలకు ఉచితముగా టీకాలు వేసెను. 1802లో ఆ టీకా బొంబాయి చేరెను. 1823 జనవరి 26న ఆయన మరణించగా బర్క్లీ దేవాలయమున సమాధి చేసిరి. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచికము లోకమున లేకుండ పోయెనని ప్రకటించెను.

నేడు పిల్లలకు ఆ టీకా అక్కరలేదు. కాని తట్టు, కోరింతదగ్గు, ధనుర్వాతము ఇంకను ఉన్నవి. టీకా వేయించిన రాత్రి బిడ్డ ఒళ్లు వెచ్చబడునని వెనుకాడు తల్లులారా, ఆ కొద్దిపాటి జ్వరము తరచుగా దేహము పాఠము నేర్చుకొనుటకు గుర్తు. సిద్దెలలో నూనె ముందే నింపుకొన్న కన్యకలను మనమెరుగుదుము. సిద్ధపాటు గడియ రాకమునుపే జరుగవలెను.