యోఖెన్ రింట్: పోయాక ఛాంపియన్ అయినవాడు

మన ల్యాబులో టోర్షన్ టెస్ట్ చేసేటప్పుడు స్టీలు కడ్డీ మెలితిరిగి మెలితిరిగి టప్పున తెగుతుంది. రీడింగ్ రికార్డులో రాసేసుకుని క్యాంటీన్‌కి పోతాం. నేనూ అంతే. యోఖెన్ రింట్ గురించి చదివాక మాత్రం ఆ తెగిన ముక్కని ఇదివరకటిలా చూడలేకపోతున్నాను.

రింట్ 1942 ఏప్రిల్ 18న జర్మనీలోని మైన్జ్‌లో పుట్టాడు. మరుసటి ఏడాది హాంబర్గ్ మీద పడిన బాంబులకి అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. ఆస్ట్రియాలోని గ్రాట్స్ ఊళ్లో అమ్మమ్మ తాతయ్యలే పెంచారు. చివరిదాకా పౌరసత్వం జర్మనీదే, రేసింగ్ లైసెన్స్ మాత్రం ఆస్ట్రియాది.

1964లో లండన్ క్రిస్టల్ పాలెస్ ట్రాక్ మీద ఫార్ములా 2 రేసులో గ్రాహం హిల్ అంతటివాణ్ణి ఓడించాడు. అప్పుడు గానీ బయటివాళ్లకి ఇతని పేరు తెలియలేదు. తర్వాతి ఏడాదే మాస్టెన్ గ్రెగరీతో కలిసి ఫెరారీలో లె మాన్ 24 గంటల రేసు గెలిచేశాడు. ఫార్ములా వన్‌లో మాత్రం చాలాకాలం సరైన కారు దొరకలేదు. 1969లో లోటస్‌లో చేరాడు. లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్ బరువు తగ్గించడంలో మేధావి. ఆ కార్లు వేగంగా పోతాయి, విరుగుతాయి కూడా.

అదే ఏడాది బార్సిలోనాలోని మోంట్‌జుయిక్‌లో సన్నటి కమ్మీల మీద ఎత్తుగా నిలబెట్టిన వెనక వింగ్ కూలింది. ముందు హిల్ కారుకి, కొన్ని ల్యాప్‌ల తర్వాత దాదాపు అదే చోట రింట్ కారుకి. మొహం ఎముకలు విరిగాయి. కోలుకుంటూనే ఆ వింగ్‌లు ప్రమాదమంటూ పత్రికలకి బహిరంగ లేఖ రాశాడు. సొంత టీమ్ డిజైన్ మీద అలా నోరు విప్పడం నాకు రేసు గెలవడం కన్నా పెద్ద పని అనిపిస్తుంది.

1970 అతనిదే. మొనాకోలో చివరి మలుపులో బ్రభమ్ తప్పు చేస్తే గెలుపు ఇతనికొచ్చింది. జాండ్‌వోర్ట్‌లోనూ గెలిచాడు, కానీ అదే రేసులో ప్రాణస్నేహితుడు పియర్స్ కరేజ్ మంటల్లో పోయాడు. తర్వాత ఫ్రాన్స్, బ్రిటన్. ఆ వేసవిలోనే డ్రైవర్లంతా నూర్బుర్గ్‌రింగ్‌లో క్రాష్ బ్యారియర్లు పెడితే గానీ నడపమని పట్టుబట్టారు. వాళ్లలో రింట్ కూడా ఉన్నాడు. జర్మన్ రేసు హాకెన్‌హైమ్‌కి మారింది. అక్కడా ఇతనే గెలిచాడు.

సెప్టెంబర్ 5, మోంజా. 1922లో రాజుల పార్కులో కట్టిన సర్క్యూట్, పొడవాటి స్ట్రెయిట్లు. ఇంకాస్త స్పీడు కోసం కారు వింగ్‌లు పీకేశారు. లోటస్ 72లో ముందు బ్రేకులు చక్రాల్లో ఉండవు, బాడీ లోపల ఉంటాయి. అక్కణ్ణించి చక్రందాకా ఒక షాఫ్ట్ వెళ్తుంది. బ్రేక్ నొక్కితే వచ్చే టార్క్ అంతా దాని మీదే. పారబోలికా మలుపు ముందు బ్రేక్ నొక్కగానే కుడివైపు షాఫ్ట్ తెగింది. కారు ఎడమకి లాగేసి బ్యారియర్‌ని కొట్టింది.

ఇక్కడే నాకు కడుపులో దేవినట్టయింది. బ్యారియర్ ఉంది. డ్రైవర్లు ఏ బ్యారియర్ల కోసం కొట్లాడారో అదే. కానీ సరిగ్గా బిగించలేదు. కారు ముందుభాగం దాని కిందికి దూరి ముక్కలైంది. మంటలంటుకుంటే త్వరగా బయటపడలేనన్న భయంతో కాళ్ల మధ్య నుంచి వచ్చే బెల్టు రింట్ పెట్టుకునేవాడు కాదు. దాంతో ఒళ్లు కిందికి జారి, మిగతా బెల్టే గొంతుకి తగిలింది. వయసు 28. షాఫ్ట్ తెగడం వల్ల ప్రమాదం జరిగింది గానీ, ప్రాణం పోవడానికి కారణం బ్యారియర్ అమర్చిన తీరేనని ఇటలీలో జరిగిన విచారణ తేల్చింది. మన భాషలో చెప్పాలంటే ఒక డిజైన్ లోపం, ఒక బిగింపు లోపం. రెంటిలో ఏది లేకపోయినా ఆ రోజు బతికేవాడేమో.

అప్పటికి అతని పాయింట్లు 45. వెనకున్న జాకీ ఇక్స్‌కి ఇంకా అవకాశం ఉంది. అక్టోబర్‌లో అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో ఇక్స్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. గెలిచింది లోటస్ కొత్త కుర్రాడు ఎమర్సన్ ఫిట్టిపాల్డి, అతనికది నాలుగో గ్రాండ్ ప్రీ మాత్రమే. అలా రింట్ ఛాంపియన్ అయ్యాడు. పోయాక ఆ టైటిల్ వచ్చినవాడు ఇప్పటికీ ఇతనొక్కడే. ట్రోఫీ అందుకోవడానికి భార్య నీనా వెళ్లింది. కూతురు నటాషాకి అప్పటికి రెండేళ్లు.