ఉద్యోగమే ఇవ్వలేదు.. చివరికి నోబెల్! తొలి హెచ్ఐవీ మందుకు బాట వేసిన గెర్ట్రూడ్ ఎలియన్

చదువులో టాపర్. డిగ్రీ చేతికొచ్చేసరికి 19 ఏళ్లే. కానీ అమ్మాయి కావడంతో ల్యాబ్‌లలో ఉద్యోగం దొరకలేదు. జీతం లేకుండా కూడా కొన్నాళ్లు పనిచేశారు గెర్ట్రూడ్ ఎలియన్.

1918 జనవరి 23న న్యూయార్క్‌లో పుట్టారు. తండ్రి డెంటిస్ట్. 1929 మార్కెట్ క్రాష్‌లో ఆయన డబ్బంతా పోయింది. హంటర్ కాలేజీలో ఫీజు లేదు కాబట్టే చదువు సాగింది. ఆమెకు 15 ఏళ్లప్పుడు తాతయ్య క్యాన్సర్‌తో పోయారు. కెమిస్ట్రీ వైపు తిరిగింది అందుకే. 1941లో మరో దెబ్బ. పెళ్లాడాల్సిన వ్యక్తి గుండెకు సోకిన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌తో చనిపోయాడు. పెన్సిలిన్ అప్పటికింకా జనానికి అందలేదు. ఆమె ఇక పెళ్లే చేసుకోలేదు.

ఓ కిరాణా సంస్థ కోసం పచ్చళ్ల పులుపు టెస్ట్ చేసే పనీ చేశారు. కట్ చేస్తే 1944. యుద్ధం వల్ల మగవాళ్లు తగ్గారు, ల్యాబ్‌లు ఆడవాళ్లను తీసుకోవడం మొదలుపెట్టాయి. బరోస్ వెల్‌కమ్ కంపెనీలో జార్జ్ హిచింగ్స్‌కు అసిస్టెంట్‌గా చేరారు. (మన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిన హార్వర్డ్ ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ చేసిన హిచింగ్స్ ఈయనే.)

వీళ్ల ఐడియా సింపుల్. ఏ కణం పెరగాలన్నా డీఎన్ఏ కావాలి. దాని ముడిసరుకులా కనిపించే నకిలీ సరుకు అందిస్తే పెరుగుదల ఆగిపోతుంది. లుకేమియా మందు 6-ఎంపీ ఇలాగే వచ్చింది. హెర్పిస్‌కు వాడే ఎసైక్లోవిర్ కూడా అంతే. మనిషి కణాలకు పెద్దగా హాని లేకుండా వైరస్‌ను కొట్టొచ్చని అది చూపించింది.

1983లో రిటైరయ్యారు. అప్పటికే ఎయిడ్స్ భయం మొదలైంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న టీమ్ ఏజెడ్‌టీ అనే పాత మందును బయటకు తీసింది. 1964లో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేస్తే, పనిచేయలేదని పక్కన పడేసిన మందు అది. హెచ్ఐవీ తన ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏను తయారుచేసుకునేటప్పుడు మధ్యలో దూరి, ఆ గొలుసును అక్కడికక్కడే ఆపేస్తుంది. 1987 మార్చిలో అమెరికా అనుమతి వచ్చింది.

అయితే అదేమీ అద్భుత మందు కాదు. ఏడాదికి దాదాపు 10 వేల డాలర్ల ఖర్చు, దానిపై నిరసనలు. పైగా ఒంటరిగా వాడితే వైరస్ దానికి అలవాటుపడిపోయేది. కానీ తల్లి నుంచి బిడ్డకు సోకడం సుమారు 25 శాతం నుంచి 8 శాతానికి తగ్గుతుందని 1994లో తేలింది.

ఏజెడ్‌టీ క్రెడిట్ తనకిస్తే ఆమె ఒప్పుకునేవారు కాదు, అది తన టీమ్‌దేననేవారు. 1988లో హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిసి నోబెల్ అందుకున్నారు. రెగ్యులర్‌గా పీహెచ్‌డీ చేయనేలేదు. ఉద్యోగం మానేసి రమ్మంటే చదువే వదిలేశారు మరి. 1999 ఫిబ్రవరి 21న, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు.